కీమో చీటీలో రాసిన మందు ఏ రకమో, దానికి ఇంట్లో ఏం కనిపెట్టుకుని ఉండాలో తెలుసుకోవడం ఎలా

డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే అందరూ మొదట చూసేది మళ్ళీ ఎప్పుడు రావాలన్న తేదీ. మధ్యలో ఉన్న మందుల పేర్లు మాత్రం నోరు తిరగక వదిలేస్తారు. ఎవరైనా అడిగితే "కీమో ఎక్కించారు" అంటారు. ఆ ఒక్క మాట సరిపోదు. ఎందుకంటే ఒకరికి మోషన్స్ అయితే ఇంట్లోనే మాత్ర వేసుకుని చూడొచ్చు, ఇంకొకరికి అవే మోషన్స్ అయితే ఆ మాత్ర వేసుకుని ఊరుకోవడమే ప్రమాదం, తేడా అంతా ఎక్కించిన మందు ఏ కుటుంబానికి చెందింది అన్నదాంట్లో ఉంటుంది. కాబట్టి పేషెంట్‌తో ఉండే మనిషి డాక్టర్ చదువు చదవక్కర్లేదు గానీ, తమవాళ్ళకి ఇస్తున్న రెండు మూడు మందుల రకం మాత్రం తెలుసుకుని తీరాలి.

ముందు ఒక పని చేయండి. చీటీ మీద బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరు ఏమిటో సిస్టర్‌నో, ఫార్మసీలో వాళ్ళనో అడిగి తెలుగులో రాసుకోండి. బ్రాండ్లు కంపెనీకొకటి, సైకిల్ (అంటే ఒక విడత కీమో) మారినప్పుడు అవీ మారొచ్చు, అసలు పేరు మారదు. ఆ పేరు చివర చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. "ప్లాటిన్" అని ముగిస్తే ప్లాటినం మందు, "టాక్సెల్" అయితే టాక్సేన్, "రూబిసిన్" అయితే గుండె మీద కన్నేసి ఉంచాల్సిన ఎర్ర మందు, "నిబ్" అయితే సాధారణంగా నోటితో వేసుకునే టార్గెటెడ్ మాత్ర, "మాబ్" అయితే యాంటీబాడీ ఇంజెక్షన్. మాబ్‌లలోనే కొన్ని ఇమ్యూనోథెరపీ, కొన్ని కాదు, ఆ తేడా చాలా ముఖ్యం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పాత కీమో మందులన్నీ స్థూలంగా ఒకటే చేస్తాయి, వేగంగా విభజన చెందే కణాన్ని దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణం అలాంటిదే. కానీ మన ఒంట్లో మామూలుగానే వేగంగా పెరిగే కణాలు కూడా ఉన్నాయి కదా, జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగు లోపలి పొర, ఎముక మజ్జలో రక్తం తయారుచేసే కణాలు. అందుకే జుట్టు ఊడడం, నోటి పూత, మోషన్స్, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోవడం. మందు పనిచేస్తోందనడానికి ఇది గుర్తు కాదు, జుట్టు ఊడలేదంటే మందు పనిచేయట్లేదనీ కాదు, దీని గురించి చుట్టాలు ఏం చెప్పినా పట్టించుకోకండి.

ఈ పాత మందుల్లో మొదటి రకం నేరుగా కణంలోని డీఎన్‌ఏకి అతుక్కునేవి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫోస్ఫమైడ్ ఈ జాతివి, వీటి పూర్వీకం యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్, 1940లలో దాని దగ్గరి బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ని లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) పేషెంట్లకి ఇచ్చి చూశాక మొదలైన దారి ఇది. ఇవి ఒంట్లో విరిగినప్పుడు పుట్టే ఒక పదార్థం మూత్రసంచిని కాలుస్తుంది, అందుకే నీళ్ళు ఎక్కువ తాగమంటారు, రాత్రి కూడా లేచి మూత్రానికి వెళ్ళమంటారు, మోతాదు ఎక్కువైతే మెస్నా అనే మందు తోడిస్తారు. మూత్రంలో రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలి.

ప్లాటినం మందులు కూడా డీఎన్‌ఏ మీదే పనిచేస్తాయి కానీ మూడింటి స్వభావం మూడు రకాలు. సిస్‌ప్లాటిన్ వాంతుల్లో అన్నిటికన్నా మొండిది, కిడ్నీకీ చెవికీ దెబ్బ. సెలైన్ సీసాలు వరసగా ఎక్కిస్తుంటే "ఎందుకింత సెలైన్" అని విసుక్కోకండి, అదంతా కిడ్నీ కాపాడడానికే. ఇంటికొచ్చాక తాగింది తాగినట్టు కక్కేస్తుంటే, మూత్రం తగ్గితే ఫోన్ చేయాలి, చెవుల్లో హోరు మొదలైనా చెప్పాలి. కార్బోప్లాటిన్ కిడ్నీ విషయంలో మెత్తనిది, కానీ ప్లేట్‌లెట్లు పడేస్తుంది. ఆక్సాలిప్లాటిన్‌కి చలి పడదు. ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది, చల్లటి స్టీలు గ్లాసు ముట్టుకుంటే వేళ్ళు జిల్లుమంటాయి. మే నెల ఎండలో ఇంటికొచ్చిన మనిషికి చల్లటి మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది, వద్దు, గోరువెచ్చటివే ఇవ్వండి. ఫ్రిజ్‌లోంచి వాళ్ళ చేత ఏమీ తీయించకండి. సైకిళ్ళు పెరిగేకొద్దీ చలితో సంబంధం లేకుండానే వేళ్ళకి తిమ్మిర్లు ఉండిపోతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంటే, అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, మోతాదు తగ్గించాలా ఆపాలా అన్నది ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది. చాలామంది మందు ఆపేస్తారేమోనన్న భయంతో ఈ సంగతి దాచేస్తారు, అలా దాచడం వల్ల నరాలు శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

రెండో రకం కణాన్ని మోసం చేసేవి. డీఎన్‌ఏ కట్టుకోవడానికి కణానికి కావలసిన ముడిసరుకులాగే కనిపిస్తాయి, కణం తీసుకుంటుంది, పని ఆగిపోతుంది. ఇక్కడ మన తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ లాబొరేటరీస్‌లో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆ పనిలోంచే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమైనోప్టెరిన్ వచ్చింది, దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇస్తే కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది, ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు. ఆ మందుకి తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల లుకేమియా వైద్యంలో ఉంది.

మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో ఇస్తే తర్వాత ల్యూకోవొరిన్ అనే మందు గంటల లెక్కన ఇస్తారు, అది విటమిన్ కదా అని ఒక్క డోసు కూడా దాటేయకూడదు, మామూలు కణాల్ని బతికించేది అదే. ఈ మందు నడుస్తున్నప్పుడు ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్‌లు మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి, మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోకుండా పేరుకుపోతుంది. నోరంతా పుండ్లు పడితే అదే మొదటి హెచ్చరిక.

ఇదే రకంలో 5-ఎఫ్‌యూ, దాని మాత్ర రూపం కెపెసిటాబిన్. కడుపు, పేగు, రొమ్ము క్యాన్సర్లకి చాలామందికి ఇస్తారు, ఎక్కువగా 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే పద్ధతి. తిన్న అరగంటలోపు వేసుకోవాలి. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండి, తోలు ఊడుతుంది. రోజూ కొబ్బరినూనో, డాక్టర్ చెప్పిన క్రీమో మొదటి రోజు నుంచే రాయండి, వేడినీళ్ళలో గిన్నెలు తోమడం, గట్టి చెప్పులు, ఎక్కువ దూరం నడవడం తగ్గించండి. నడవలేనంత మంట వచ్చాక కూడా "ఇంకో నాలుగు రోజులే కదా" అని కోర్సు పూర్తి చేసేస్తుంటారు, మనవాళ్ళకి కోర్సు మధ్యలో ఆపకూడదన్న మాట బాగా నాటుకుపోయింది, అది యాంటీబయాటిక్‌కి చెప్పిన మాట. ఈ మాత్ర విషయంలో తీవ్రమైన మంట, రోజుకి నాలుగైదు సార్లకి మించి మోషన్స్, నీళ్ళు కూడా మింగలేనంత నోటి పూత, ఛాతీలో నొప్పి, వీటిలో ఏదొచ్చినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి. కొద్దిమందికి పుట్టుకతోనే ఈ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ తక్కువ ఉంటుంది, వాళ్ళకి మొదటి సైకిల్‌లోనే చాలా తీవ్రంగా వస్తుంది, అందుకని మొదటి రెండు వారాలు మరీ జాగ్రత్త.

డాక్సోరూబిసిన్‌ని మన దగ్గర అందరూ ఎర్ర మందు అనే అంటారు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగు. మామూలుగా జుట్టు పూర్తిగా పోతుంది. దీని అసలు సమస్య గుండె. జీవితకాలంలో ఇంతకు మించకూడదని లెక్క ఉంది, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాములు, అందుకే మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కాన్) తీస్తారు. పదేళ్ళ క్రితం వేరే ఊళ్ళో, వేరే ఆసుపత్రిలో ఈ మందు తీసుకుని ఉంటే ఆ పాత కాగితాలు ఇక్కడ చూపించాలి, ఇప్పుడు ఎంత ఇవ్వొచ్చన్నది వాటిని బట్టే తేలుతుంది. ఇంకొకటి, ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంట, వాపు వస్తే ఓర్చుకోవద్దు, ఆ క్షణమే సిస్టర్‌ని పిలవండి, మందు నరం బయటికి కారితే అక్కడి చర్మం, కండ కుళ్ళిపోతుంది. పోర్ట్ (మందు పెద్ద రక్తనాళంలోకి పోయేలా చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టించుకోమని డాక్టర్ చెప్పడానికి ఇదీ ఒక కారణం.

మొక్కల నుంచి వచ్చిన మందులు కణం రెండుగా చీలేటప్పుడు లోపల ఏర్పడే దారాల్ని చెడగొడతాయి. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చాయి. ఈ ముక్క చెప్పగానే ఆకు రసం తాగొచ్చా అని అడుగుతారు. వద్దు. ఆకులో ఆ పదార్థం అతి స్వల్పం, దానితో పాటు విషాలూ ఉంటాయి, ఎంత తాగితే ఎంత ఒంట్లోకి వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. విన్‌క్రిస్టిన్ జుట్టుకన్నా నరాల్ని పట్టుకుంటుంది, పేగు కదలిక మందగించి మలబద్ధకం గట్టిగా వస్తుంది, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా మలబద్ధకమే చేస్తుంది కాబట్టి రెండూ కలిస్తే మరీ కష్టం. మూడు రోజులు చూద్దాం అనుకోకుండా విరేచనం సాఫీ చేసే మందు మొదటి రోజు నుంచే రాయించుకోండి. ఎనిమా మాత్రం డాక్టర్‌ని అడగకుండా వద్దు, కౌంట్స్ తక్కువున్నప్పుడు అక్కడ చిన్న గాయమైనా ఇన్‌ఫెక్షన్ అవుతుంది.

ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ టాక్సేన్లు. మొదటి పది పదిహేను నిమిషాల్లో ఒళ్ళు ఎర్రబడడం, ఆయాసం, నడుంనొప్పి వస్తే అది ఎలర్జీ, అందుకే ముందు స్టెరాయిడ్ ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ స్టెరాయిడ్ వల్ల రెండు మూడు రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చూస్తూ ఉండండి, షుగర్ డాక్టర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి. తర్వాత రెండు మూడు రోజులు ఒళ్ళునొప్పులు, సైకిళ్ళు పెరిగేకొద్దీ కాళ్ళ తిమ్మిర్లు. ఇరినోటికాన్ విషయం క్లుప్తంగా, మొదటి రోజు దాటాక మోషన్స్ పెద్ద ఎత్తున రావచ్చు, మోషన్స్ ఆపే మాత్ర లోపెరమైడ్ ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్ని వేసుకోవాలో ముందే రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి.

జ్వరం

పై మందులన్నిటికీ ఉమ్మడిగా ఒకటుంది, దీన్ని గోడ మీద రాసి పెట్టుకోండి. కీమో అయిన సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు అట్టడుగుకి పడతాయి. అప్పుడు 100.4 ఫారెన్‌హీట్, అంతకు మించి జ్వరం వచ్చిందంటే అది ఎమర్జెన్సీ. అర్ధరాత్రయినా సరే. డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, మాత్ర వేస్తే జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకోవడం కూడా వద్దు. క్యాజువాలిటీకి వెళ్ళగానే మొదటి మాట "జ్వరం" అని కాదు, "కీమో అయి ఇన్ని రోజులైంది, జ్వరం వచ్చింది" అని చెప్పండి. క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి మీరు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ పరిస్థితిలో దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్ళాలో మొదటి సైకిల్ రోజే మీ డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. తెల్ల రక్తకణాలు పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ వల్ల నడుం, తుంటి ఎముకలు నొప్పి పెడతాయి, దానికి భయపడక్కర్లేదు.

కీమో కానివి

హార్మోన్ మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకునేవి కాబట్టి జనం వీటిని తేలిగ్గా తీసుకుంటారు, మధ్యలో ఆపేస్తారు. రొమ్ము క్యాన్సర్ హార్మోన్ మీద ఆధారపడిన రకం అయితే టామాక్సిఫెన్ గానీ లెట్రోజోల్ గానీ కనీసం 5 ఏళ్ళు. టామాక్సిఫెన్‌తో ఒంట్లో ఆవిర్లు, అరుదుగా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆలస్యం చేయొద్దు. నెలసరి ఆగిపోయినవాళ్ళకి మళ్ళీ రక్తం కనిపిస్తే గైనకాలజిస్టుకి చూపించాలి, ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే పెద్దవాళ్ళుంటారు, ఇంట్లో ఆడవాళ్ళే మెల్లిగా అడగాలి. లెట్రోజోల్‌తో కీళ్ళ నొప్పులు, ఎముకలు పలచబడడం, దీనికి ఎముకల స్కాన్, కాల్షియం, విటమిన్ డి. నొప్పులు భరించలేకపోతే మాత్ర మార్చడానికి వీలుంది, ఆపేసే ముందు అడగండి.

టార్గెటెడ్ మందులు క్యాన్సర్ కణంలో ఉన్న ఒక ప్రత్యేకమైన లోపాన్ని పట్టుకుంటాయి, ఆ లోపం ఉందని పరీక్షలో తేలితేనే పనికొస్తాయి. 2001లో వచ్చిన ఇమాటినిబ్ సీఎంఎల్ అనే రక్తక్యాన్సర్‌ని రోజూ మాత్ర వేసుకుని బతకగలిగే జబ్బుగా మార్చింది. దాని పేటెంట్ కేసులో 1 ఏప్రిల్ 2013న సుప్రీంకోర్టు నోవార్టిస్ అభ్యర్థనని తోసిపుచ్చింది కాబట్టే చవకైన జెనరిక్‌లు (అదే మందుని వేరే కంపెనీలు తయారుచేసేవి) మనకి దొరుకుతున్నాయి. అంతకు ముందు 2012లో కిడ్నీ, లివర్ క్యాన్సర్లకి వాడే సొరాఫెనిబ్‌కి హైదరాబాద్ కంపెనీ నాట్కోకి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ వేరేవాళ్ళదైనా తయారుచేసుకోవచ్చని ప్రభుత్వమిచ్చే అనుమతి) ఇచ్చారు, నెలకి 2 లక్షల 80 వేలు దాటిన మందు 9 వేల లోపుకి వచ్చింది. జెనరిక్ అంటే నాసిరకం అనుకునేవాళ్ళకి ఈ సంగతి గట్టిగా చెప్పండి. ఇమాటినిబ్ అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, కళ్ళ చుట్టూ వాపు, కండరాలు పట్టేయడం మామూలే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇచ్చే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటివి ముఖం మీద మొటిమల్లాంటి దద్దుర్లు తెస్తాయి, అవి మొటిమలు కావు, మొటిమల క్రీము రాస్తే చర్మం ఎండి ఇంకా మండుతుంది. ఈ మాత్రలు చాలావాటికి గ్రేప్‌ఫ్రూట్ పడదు, దాని దగ్గరి చుట్టమైన పంపరపనస కూడా మానేయడం మంచిది. గ్యాస్ మాత్రలు కూడా కొన్నిటి బలాన్ని తగ్గిస్తాయి, మనవాళ్ళు పొద్దున్నే పాన్ (పాంటోప్రజోల్) లాంటి గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటు కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

యాంటీబాడీలలో ట్రాస్టుజుమాబ్ హెర్2 పాజిటివ్ (కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువున్న) రొమ్ము క్యాన్సర్‌కి, జుట్టు ఊడదు కానీ గుండె పంపింగ్ తగ్గించొచ్చు, దాదాపు మూడు నెలలకోసారి ఎకో. బెవాసిజుమాబ్ గడ్డకి రక్తనాళాలు పెరగకుండా చేస్తుంది, అందుకే బీపీ పెరుగుతుంది, గాయం మానదు, పన్ను పీకించుకోవాలన్నా ముందు చెప్పాలి. రిటుక్సిమాబ్ ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్‌ని ఈ మందు లేపగలదు.

ఇక ఇమ్యూనోథెరపీ. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ నేరుగా క్యాన్సర్‌ని చంపవు. మన రోగనిరోధక కణాలకి ఒంట్లో సహజంగా ఉండే బ్రేకుల్ని క్యాన్సర్ తొక్కిపెట్టి తప్పించుకుంటుంది, ఈ మందులు ఆ బ్రేకుని వదిలిస్తాయి. ఈ దారి చూపినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకి 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకు వదిలిన సైన్యం ఒక్కోసారి సొంత ఒంటి మీదే పడుతుంది, పేగు, ఊపిరితిత్తులు, లివర్, థైరాయిడ్, దేన్నైనా. అందుకే కీమో లెక్కలు ఇక్కడ పనికిరావు. ఇక్కడ వచ్చే మోషన్స్ పేగు వాపు వల్ల కావొచ్చు, లోపెరమైడ్‌తో కప్పిపెడితే లోపల పేగు చిల్లుపడేదాకా పోవచ్చు, దానికి కావలసింది స్టెరాయిడ్, అదీ త్వరగా. పొడి దగ్గు, ఆయాసం వస్తే జలుబు అని సరిపెట్టుకోకూడదు. విపరీతమైన నీరసం థైరాయిడ్ దెబ్బతినడం కావొచ్చు. ఇవి మొదటి వారంలో రావొచ్చు, మందు ఆపేసిన కొన్ని నెలలకీ రావొచ్చు. అప్పుడు మీరు వేరే ఊళ్ళో వేరే డాక్టర్ దగ్గర ఉంటే, "కీమో తీసుకున్నారు" అంటే ఆయన వేరే దారిలో వెతుకుతారు, "ఇమ్యూనోథెరపీ తీసుకున్నారు, మందు పేరు ఇది, చివరి డోసు ఫలానా తేదీన" అని చెప్పాలి. ఈ మూడు ముక్కలు ఒక కార్డు మీద రాసి పేషెంట్ పర్సులో పెట్టండి.

ఏ రకమైనా ఇంట్లో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. వాంతుల మందు వాంతి వచ్చాక వేసుకునేది కాదు, రాకముందే చీటీలో రాసిన రోజుల ప్రకారం వేసుకునేది. కీమో మాత్రలు పొడి చేయకూడదు, ఇచ్చేవాళ్ళు గ్లౌజు వేసుకోవాలి, గర్భిణులు ముట్టుకోకూడదు. కీమో అయిన రెండు రోజులు వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లౌజు, టాయిలెట్‌లో రెండుసార్లు ఫ్లష్. పిల్లలు కావాలనుకునే వయసు వాళ్ళయితే మొదటి సైకిల్‌కి ముందే వీర్యం, అండాలు దాచుకునే సంగతి అడగాలి, తర్వాత అడిగితే ఆలస్యమైపోవచ్చు, పెళ్ళి కాని పిల్లల విషయంలో తల్లిదండ్రులు మొహమాటంతో ఈ మాటే ఎత్తరు.

తిప్పతీగ, కషాయాలు, ఎవరో తెచ్చిన ఆకుపసర్లు, ప్రేమతోనే తెస్తారు, నాకు తెలుసు. కానీ ఈ మందుల్లో చాలావాటిని విరగ్గొట్టేది లివర్, అదే సమయంలో తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. రెండూ కలిస్తే ఏది దేనివల్లో తేలక అసలు మందే ఆపాల్సి వస్తుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకండి, తిట్టినా పర్వాలేదు, డాక్టర్‌కి చెప్పేయండి.

తర్వాతిసారి ఓపీకి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసుకెళ్ళండి: ఇది ఏ రకం మందు, దేనికోసం ఎకోనో రక్తపరీక్షో చేయిస్తున్నారు, ఏది వస్తే ఇంట్లో చూసుకోవచ్చు, ఏది వస్తే అప్పటికప్పుడు బయల్దేరాలి, రాత్రి ఫోన్ ఎత్తే నంబర్ ఏది. ఓపీలో రద్దీ ఉంటుంది, డాక్టర్‌కి టైమ్ ఉండదు, అయినా ఆ చివరి రెండు ప్రశ్నలకి జవాబు రాయించుకోకుండా కుర్చీలోంచి లేవకండి.